తెల్ల బెల్టు, బ్రౌన్ బెల్టు, మధ్యలో మోకాళ్లు

ఏమీ రానివాడు మార్షల్ ఆర్ట్స్ స్కూల్లో చేరడం చాలా తేలిక. వెళ్తాడు, వెనక వరసలో నిలబడతాడు, చెప్పింది చేస్తాడు. అన్నీ వచ్చినవాడికీ ఇబ్బంది లేదు, ఎక్కడికి వెళ్లినా నమస్కారం పెట్టి కుర్చీ వేస్తారు. చిక్కంతా నాబోటివాళ్లతోనే. కాలేజీ రోజుల్లో కరాటేలో బ్రౌన్ బెల్టు దాకా, అంటే నల్ల బెల్టుకి కిందిమెట్టు దాకా లాక్కొచ్చి, తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అంటూ వదిలేసి, నడివయసులో డాక్టరు "కాస్త ఒళ్లు కదిలించండి" అనగానే "అయితే కరాటే మళ్లీ మొదలెడతా" అని ప్రకటించే రకం. ఆయన ఉద్దేశం నడక అయ్యుంటుంది. ఆ మాట అనే అవకాశం నేనివ్వలేదు.

ఇంటికి రాగానే అటక మీంచి బెల్టు దింపాను. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు అది ఇన్నేళ్లుగా అక్కడే ఉంది. ఒకప్పుడు ముడి వేస్తే రెండు కొసలూ తొడల దాకా వేలాడేవి. ఇప్పుడు ముడి పడ్డాక ఒక పక్క బొటనవేలంత మిగిలింది, రెండో పక్క అదీ లేదు. బెల్టు కుంచించుకుపోయిందన్నాను. మా ఆవిడ కాసేపు బెల్టునీ నన్నూ మార్చి మార్చి చూసి, "పోనీ మోకాలికి కట్టుకోండి, పనికొస్తుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక స్కూళ్లకి ఫోన్లు. ఎక్కడికి చేసినా మొదటి ప్రశ్న ఒకటే.

"బాబు వయసెంతండీ?"

"బాబుకి కాదండీ, నాకు."

అవతల చిన్న మౌనం. వెనకాల ఎవరితోనో గుసగుస. తర్వాత చాలా మర్యాదగా, "మా దగ్గర పెద్దవాళ్లకి యోగా కూడా ఉందండీ."

బ్రౌన్ బెల్టు ఉందని చెబితే ఏ స్టైల్ అని అడుగుతారు. షోటోకాన్ అంటాను. "మాది షిటో-ర్యూ" అంటారు ఒకరు, "గోజు-ర్యూ" అంటారు ఇంకొకరు. కరాటేలో పెద్ద శాఖలు నాలుగు: ఈ మూడూ, వాడో-ర్యూ. బయటివాళ్లకి అన్నీ ఒకటే, లోపలివాళ్లకి మాత్రం పెళ్లి సంబంధాలు కలవనంత దూరం. షోటోకాన్ వాళ్లు కాళ్లు బాగా ఎడం చేసి కిందికి దిగి నిలబడతారు. మిగతావాళ్లు అంతకన్నా పైనే ఉంటారు. ఇరవయ్యేళ్లప్పుడు కిందికి దిగడం గొప్పగా ఉండేది. ఇప్పుడు దిగడం వస్తుంది, లేవడానికే పక్కన ఎవరైనా ఉండాలి.

మొదట వెళ్లింది టైక్వాండో స్కూలుకి. అది కరాటే కాదు, కొరియా వాళ్ల విద్య, అయినా ఇల్లు దగ్గర. దీన్ని తక్కువగా చూడకండి. ఊరవతల మహా గురువు ఉన్నా, వర్షం పడ్డ రోజున వెళ్లేది వీధి చివర స్కూలుకే. లోపల గోడ మీద పాయింట్ల పట్టిక ఉంది. టైక్వాండో 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల క్రీడ, దాని పాయింట్లన్నీ కాళ్ల మీదే దయ చూపిస్తాయి. గుద్దుకి ఒకటి, ఛాతీ కవచం మీద తన్నితే రెండు, తలకి తగిలితే మూడు, గిర్రున తిరిగి తంతే ఇంకో రెండు అదనం. నా కాలు ఎదుటివాడి తలకి తగలాలంటే ఎదుటివాడు కూర్చోవాలి. ఒక్కో పాయింటే ఏరుకుందామని మనసులో అనుకుని వెనక వరసలో నిలబడ్డాను.

మాస్టారు కుర్రాడు. గాల్లోకి లేచి, ఒక చుట్టు తిరిగి, ఎత్తుగా పట్టుకున్న ప్యాడ్‌ని టప్పున తన్ని దిగాడు. పాత స్కూల్లో మాస్టారు ఏం చూపించినా గట్టిగా "ఓస్!" అనడం మాకు అలవాటు. కరాటే వాళ్లకి అదే "చిత్తం". ఇన్నేళ్ల తర్వాత కూడా నా గొంతు తనంతట తానే లేచింది.

"ఓస్!"

హాలంతా నిశ్శబ్దం. టైక్వాండోలో ఆ మాట లేదు. తెలుగులో మాత్రం ఉంది. మాస్టారి మొహం కాస్త ఎర్రబడింది.

"అంత తేలిగ్గా కనబడిందా సార్? అయితే ముందుకి రండి."

వెళ్లక తప్పలేదు. ప్యాడ్ పట్టుకోవడానికి వచ్చినవాడు నా నడుము దాకా లేడు. పాపం, నన్ను చూసి ప్యాడ్‌ని తలెత్తు నుంచి కడుపెత్తుకి, అక్కణ్ణించి మోకాలెత్తుకి తనంతట తానే దించాడు. నేను తిరిగాను. పూర్తిగా తిరిగాను. ఎక్కడ ఆగాలో కాలికి గుర్తు రాకపోవడంతో ప్యాడ్ ఉన్న చోటు దాటిపోయి, గోడకున్న పాయింట్ల పట్టికని పట్టుకుని నిలబడ్డాను. పట్టిక ఊడి చేతిలోకి వచ్చింది. మాస్టారు దాన్ని నా చేతిలోంచి తీసుకుంటూ, "మొదటి రోజు చూడ్డానికి మాత్రమే రమ్మంటామండీ" అన్నారు.

తర్వాత చూసింది గాజు తలుపులున్న పెద్ద స్కూలు. అక్కడ మాస్టారి కంటే ముందు టై కట్టుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్టు గ్యారంటీ అట, కాగితం మీద రాసిస్తారట. నాకు బ్రౌన్ ఉందని తెలియగానే "అయితే మీరు ముప్పాతిక దారి వచ్చేసినట్టే సార్" అని కరచాలనం చేశాడు. నేను చెయ్యి ముడవడం కూడా చూడకుండా! మాస్టారు ఏరీ అంటే గోడ మీది ఫొటో చూపించాడు. నా మోకాలు వచ్చే నెల దాకా నాతో ఉంటుందో లేదో తెలియదు, ఆయనకి మాత్రం రెండేళ్ల ఫీజు ముందే కావాలి. మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అంటే, "మానేయాలని చేరేముందే ఎందుకనుకుంటారు సార్, నెగెటివ్‌గా" అన్నాడు.

అసలీ బెల్టు కథ జూడోతో మొదలైంది. జూడో సృష్టికర్త జిగోరో కానో 1882లో టోక్యోలో ఓ గుడిలో, పన్నెండు చాపలు పట్టే గదిలో కొడోకాన్ అనే స్కూలు పెట్టి జూడో నేర్పడం మొదలుపెట్టాడు. నల్ల బెల్టు నడుముకి ఎక్కింది ఆయన శిష్యులతోనే. కరాటే వాళ్లు ఆ బెల్టుల్ని తర్వాత జూడో నుంచే అరువు తెచ్చుకున్నారు. ప్రపంచమంతా చెల్లే బ్లాక్ బెల్టు అంటూ ఒకటి ఇప్పటికీ లేదు, ఎవరి సంఘం ముద్ర వాళ్లది. ఈ గాజు తలుపుల స్కూల్లో బెల్టు కట్టుకుని ఫొటో దిగడానికి వేసిన మూల ఒక్కటే ఆ పన్నెండు చాపలంత ఉంది. ఆలోచించి చెబుతానని బయటికొచ్చాను. ఆయన ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ డిస్కౌంటు ఈ సాయంత్రంతో ముగిసిపోతుంది.

ఇలా కాదని బ్రెజిలియన్ జుజుట్సుకి వెళ్లాను. అది జూడోకి దగ్గరి చుట్టమే, ఎక్కువ భాగం నేల మీద జరుగుతుంది. పడుకుని చేసే విద్య అయితే నా వయసుకి సరిగ్గా సరిపోతుందనుకున్నాను. పైగా ఎగిరి తన్నమని ఎవరూ అనరు. నాకు జతగా బక్కపలచటి అమ్మాయిని ఇచ్చారు, బ్లూ బెల్టు. అక్కడ పెద్దవాళ్లకి తెలుపు తర్వాత వచ్చేది అదే, అది రావడానికే చాలామందికి ఒకటి రెండేళ్లు పడుతుంది. ముందే ఒక్కటి చెప్పారు: పట్టు బిగిస్తే పంతానికి పోవద్దు, చేత్తో రెండుసార్లు తడితే వదిలేస్తారు. ఇంత మంచి రూలు జీవితంలో ఇంకెక్కడా లేదు. ఆ అమ్మాయి నా కాలర్ మీద చెయ్యి వేసింది. నేను టపటపా తట్టేశాను.

"సార్, నేనింకా మొదలుపెట్టలేదు."

రెండోసారి మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు క్రమంగా తెలియదు. పైకప్పు, నేల, మళ్లీ పైకప్పు, నా సొంత మడమ బాగా దగ్గరగా కనిపించాయి. మంచి స్కూలే, మంచి మనుషులే. లేవడానికి ముగ్గురు సాయం పట్టారు. మెడ ఒకవైపుకే తిరుగుతుండటంతో, వచ్చేటప్పుడు దారిలో ఎడమ పక్క దుకాణాలన్నీ వివరంగా చూశాను.

చివరికి ఫోన్లో "మాది షిటో-ర్యూ" అన్నవాళ్ల దగ్గరికే వెళ్లాను. పాత హాలు, అతుకులు కనబడే మ్యాట్లు. నేర్పేది నెరిసిన జుట్టున్న మేడం. క్లాసు ముగిసేదాకా చూస్తూ కూర్చోమన్నారు. ఇలా కూర్చున్నప్పుడు గోడల మీది కప్పులూ షీల్డులూ నేను చూడను, పెద్ద బెల్టువాళ్లు చిన్న బెల్టువాళ్లతో ఎలా ఉంటున్నారో చూస్తాను. తాటిచెట్టంత కుర్రాడు ఒకడు చిన్న పాపతో స్పారింగ్, అంటే సాధన కోసం పోటీ, చేస్తున్నాడు. పాప గుద్దు వాడి పొట్టకి తగిలింది. మేడం అటు చూడటం లేదు. వాడు తనే ఆగి, చెయ్యెత్తి, పాయింటు పాపకి ఇచ్చేసి మళ్లీ మొదలుపెట్టాడు. వెనక వరసలో నాకంటే పెద్దాయన కాలు మోకాలెత్తుకే లేపుతున్నాడు, ఎవరూ నవ్వడం లేదు. ఇక్కడే చేరాలని అప్పుడే అనిపించింది. అనిపించింది కదా అని ఊరుకుంటే బావుండేది.

క్లాసు అయ్యాక మేడం, "మీకు గుర్తున్న కటా ఏదైనా ఒకటి చేయండి, చూద్దాం" అన్నారు. కటా అంటే ఎదురుగా ఎవరూ లేకుండానే, ముందే కూర్చిన వరసలో చేసే అడ్డులూ గుద్దులూ. హెయాన్ షోడాన్ ఎంచుకున్నాను. షోటోకాన్‌లో అది మొదట్లోనే నేర్పే కటా. వీళ్లు దాన్నే పినాన్ నిడాన్ అంటారు. ఇటోసు అనే మహానుభావుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒకినావా బడిపిల్లల కోసం కూర్చిన వరసలోది, అంటే పిల్లలకి కూడా వచ్చేది. కదలికలు 21, మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి ముగియాలి. ఎక్కడ ఆగావో చూస్తే చాలు, దారిలో ఏం వెలగబెట్టావో తెలిసిపోతుంది.

మొదలు బాగానే పడింది. ఎడమకి తిరిగి అడ్డుకున్నాను, అడుగేసి గుద్దాను. కుడికి తిరిగి అడ్డుకున్నాను. మూడడుగులు ముందుకి, చేతులు నుదుటి పైకి, మూడోదానికి కేక. గొంతు పలికింది! బెంచీల మీదున్న తల్లులు ఫోన్లలోంచి తలలెత్తారు. ఆ తలలెత్తడమే నా కొంప ముంచింది. అక్కణ్ణించి రెండు పక్కలకీ వెళ్లొచ్చాక, ఎడమకి తిరిగి, బయలుదేరిన వైపుకి గుద్దుకుంటూ రావాలి. నేను ఊపులో కుడికి తిరిగాను. కుడివైపు ఉన్నవి బెంచీలు.

ఒక అడుగు, ఒక గుద్దు. ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తోంది, కానీ కటా మధ్యలో ఆపకూడదని పాత మాస్టారు కర్రతో నేర్పారు. రెండో అడుగుకి మ్యాట్ అయిపోయింది. తల్లులు రెండు పాయలుగా చీలారు. మూడో అడుగు, మూడో గుద్దు, దానికి శాస్త్రప్రకారం రెండో కేక. అది మనవరాలి కోసం వచ్చి కునికిపాట్లు పడుతున్న ఒక పెద్దాయన మొహానికి జానెడు దూరంలో పడింది.

ఆయన ఉలిక్కిపడి లేచి, సంచీ భుజాన వేసుకుని, "దిగాలా బాబూ?" అన్నారు.

ఆయనకి జవాబు చెప్పడానికి కటాలో చోటు లేదు. ఇంకా నాలుగు కదలికలున్నాయి, అవీ పూర్తి చేశాను. చివరి అడుగు చెప్పుల స్టాండు పక్కన పడింది. ముగింపు వందనం చెప్పులకే పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఇందాకటి పాప దగ్గరికొచ్చి, చెవిలో చెబుతున్నట్టుగా, హాలంతా వినబడేలా, "అంకుల్, అక్కడ ఎడమకి" అంది.

మేడం నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పడ్డ శ్రమ మాత్రం కనబడింది. "మోకాలు ఏది నొప్పి, కుడా ఎడమా?" అన్నారు. నేనసలు మోకాలి మాటే ఎత్తలేదు. ఒకసారి కూర్చుని లెమ్మన్నారు. కూర్చున్నాను. లేచేదాకా ఓపిగ్గా చూశారు.

"మళ్లీ మొదలెట్టిన వాళ్లకి ముందు ఆయాసం తగ్గుతుంది, తర్వాత కండ వస్తుంది. టెండన్లు, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు, గట్టిపడటానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పడుతుంది. మీరేమో ఆయాసం తగ్గగానే పాత ఎత్తులో తంతారు, నాకు తెలుసు. కొన్నాళ్లు నడుము దాటి కాలు లేపొద్దు. బెల్టు ఇప్పటికి తెల్లదే. మీ బ్రౌన్ ఎక్కడికీ పోదు, ఇంట్లో ఉంచండి, వచ్చే ఏడాది చూద్దాం."

తెల్ల బెల్టు అనగానే గుండెలో కాస్త కలుక్కుమంది. వరసలో నా స్థానం ఎక్కడా అంటే ఆ పాప తర్వాత. కానీ ఒక్క గుద్దు చూడకుండా ముప్పాతిక దారి వచ్చేశావన్న టై ఆయన కంటే, కటా అంతా చూసి తెల్లదే కట్టుకోమన్న ఈవిడ మీదే నాకు గురి కుదిరింది. నెలనెలా ఫీజు, నచ్చకపోతే మానేయొచ్చు. మొదటి వారం పాత టీషర్టుతోనే రమ్మన్నారు.

చేరడానికి ఫారం ఇచ్చారు. అది పిల్లల కోసం అచ్చు వేయించింది. విద్యార్థి పేరు, చదువుతున్న తరగతి, ఇంటికి ఎవరు తీసుకెళ్తారు, సంరక్షకుల సంతకం. తరగతి దగ్గర గీత పెట్టి, మిగతాది ఇంటికి తెచ్చి మా ఆవిడ ముందు పెట్టాను. సంరక్షకుల గడిలో ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సంతకం చేసింది. "ఇంటికి తీసుకెళ్లేవారు" దగ్గర "ఆటో" అని రాసింది. ఆ కింద "పిల్లవాడి ఆరోగ్య సమస్యలు ఏవైనా ఉంటే రాయండి" అని రెండు గీతలున్నాయి. అవి నిండాక, అంచు చుట్టూ రాసుకుంటూ వెళ్లి, కాగితం తిప్పి వెనక పక్క కూడా మొదలుపెట్టి, "గురక రాయాలా వద్దా?" అని అడిగింది.