కైలాసగిరి మీద అనువాద బురుజు

ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన ‘బేబెల్’ నవల 2022లో వచ్చింది. విశాఖ అభివృద్ధి ప్రణాళికలో దాన్ని ఇంకా ఎందుకు చేర్చలేదో అధికారులే చెప్పాలి. 1830ల ఆక్స్‌ఫర్డ్‌లో ఒక బురుజు. వెండి కడ్డీకి ఒకవైపు ఓ భాషలో మాట, రెండోవైపు దాని అనువాదం చెక్కుతారు. అటు నుంచి ఇటు రాలేక మిగిలిపోయిన అర్థమే శక్తిగా మారి ఓడల్ని పరుగెత్తిస్తుంది, సామ్రాజ్యాన్ని నిలబెడుతుంది.

మరి మనకేం తక్కువ? కైలాసగిరి మీద అలాంటి బురుజు ఒకటి కట్టేద్దాం. పరవాడలో సింహాద్రి ప్లాంటు 2000 మెగావాట్ల కోసం అన్యాయంగా బొగ్గు తగలేస్తోంది. మొన్న ఒక ఆఫీసులో తెలుగు దరఖాస్తు నింపుతూ ‘నిమ్న సంతకందారు సదరు నిబంధనలకు బద్ధుడై’ దగ్గర ఆగిపోయాను. గుమాస్తా జాలిపడి, "ఇంగ్లీషు ఫారం ఇమ్మంటారేటండి?" అన్నాడు. ఆ ఒక్క పేజీలో గల్లంతైన అర్థంతో ఉక్కు కర్మాగారం ఏడాది నడుస్తుంది. వెండికి కురుపాం మార్కెట్ ఎలాగూ ఉంది.

పాపం, నాటి సామ్రాజ్యానికి ఖర్చు ఎక్కువ. నవలలో తల్లి పోయిన కుర్రాణ్ణి కాంటన్ నుంచి ఓడెక్కించి, తిండి పెట్టి, లాటినూ గ్రీకూ నేర్పించి తయారుచేసుకుంటారు. ఇప్పుడా బెడద లేదు. ఫీజు మనమే కడుతున్నాం, స్కూలు బస్సు చార్జీతో సహా. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండివాడు "ముప్పై ఐదు" అంటే ఓ పిల్లాడు తండ్రి వైపు తిరిగి "థర్టీ ఫైవా డాడీ?" అనడిగాడు. ఆ తండ్రి మొహంలో వెలుగు చూడాలి! చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు తిరుగుబాటు భయం కూడా లేదు. అప్పుడైతే ఇదే ఊళ్లో 1780లో ఈస్టిండియా కుంఫిణీ సిపాయిలను హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే, ఎక్కకపోగా తుపాకులు దొరల వైపు తిప్పారు. ఆ ఆజ్ఞను అనువదించినవాడెవడో గానీ, అర్థం చుక్క కూడా ఒలకనివ్వలేదు.

ఒకటే చిక్కు. రెండు భాషల్లోనూ ఆలోచించగలిగినవాడి చేతిలోనే కడ్డీ పనిచేస్తుంది. మన ‘థర్టీ ఫైవ్’ అభ్యర్థులు ప్రిలిమ్స్‌లోనే పోతారు. కాబట్టి మన బురుజులో పోస్టులకు లండన్ నుంచి తెలుగు నేర్చినవాళ్లను రప్పించడమే మార్గం. సి.పి. బ్రౌన్ దొరకు కుంఫిణీ జీతమిచ్చింది. మనం దానికి డీఏ కలిపి, వాల్తేరు అప్‌లాండ్స్‌లో క్వార్టర్స్ కూడా ఇద్దాం.