నీ క్యాప్‌కి, నా మోకాలి తరఫున

నీ క్యాప్‌కి,

ముందు పిలుపు సంగతి తేల్చుకుందాం. ఆరేళ్ళ కిందట, నొప్పి పుట్టిన మోకాలికి తొడుక్కుందామని నిన్ను కొనడానికి మెడికల్ షాపుకి వెళ్ళినప్పుడు, కౌంటర్లో పెద్దాయన ఉన్నాడు కదా అని మర్యాదగా "మీ క్యాప్ ఒకటి ఇవ్వండి" అన్నాను. ఆయన తన నెత్తి తడుముకున్నాడు. ఎంత పెద్దవాళ్ళ ముందైనా నిన్ను 'నీ' అనే అనాలని అప్పుడు తెలిసింది. అందుకే ఈ ఉత్తరంలో నువ్వు అనే అంటాను. ఏమీ అనుకోకు.

ఆ ఏడాది సంక్రాంతి గుర్తుందా? ఉండదులే, నువ్వింకా అట్టపెట్టెలోనే ఉన్నావు. మా కోనసీమలో పండగ మూడు రోజులూ ఒక పక్క కోడిపందేలు, ఇంకో పక్క వాలీబాల్ పోటీలు. ఏడాదంతా ఆఫీసు కుర్చీలో కూర్చున్న నేను, భోగినాడు పొద్దున్నే గారెలు తిని, మధ్యాహ్నం నెట్ దగ్గర ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా ఎగిరాను. ఎగరడం బాగానే ఎగిరాను. దిగడం దగ్గరే వచ్చింది తంటా. మోకాలి చిప్ప కింద, రూపాయి బిళ్ళంత చోట, ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. దీన్ని జంపర్స్ నీ, అంటే ఎగిరేవాళ్ళ మోకాలు, అంటారు. నార్వేలో జరిపి 2005లో అచ్చేసిన ఒక పరిశీలన ప్రకారం అక్కడి అగ్రశ్రేణి వాలీబాల్ ఆటగాళ్ళలో దాదాపు 45 శాతం మందికి ఇదే బాధట. ఆ సంగతి తెలిశాక నొప్పి తగ్గలేదు గానీ, హోదా కొంచెం పెరిగినట్టనిపించింది.

అప్పుడు వచ్చావు నువ్వు. ఒంటి రంగు అని కంపెనీవాళ్ళు అనుకునే, భూమ్మీద ఎవరి ఒంటికీ లేని రంగులో. నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉన్నావు. వెచ్చగా పట్టుకునేదానివి. ఏదో ఆసరా ఉందన్న ధైర్యం. ఊళ్ళో మర్యాద కూడా పెరిగింది. పెళ్ళి భోజనాల్లో పంక్తిలో కింద కూర్చోబెట్టకుండా నాకు వేరే టేబుల్ వేశారు. బియ్యం బస్తా దింపాల్సి వస్తే "పాపం, ఆయన కాలికి నీ క్యాప్ ఉంది బాబూ" అని మా ఆవిడే ఆటో అబ్బాయిని బతిమాలేది. నువ్వు కాలికి ఉన్నంతసేపూ నేను సోమరిని కాదు, గాయపడిన వీరుణ్ణి.

ఒక్కటే లోటు. నొప్పి పోలేదు.

మూడు నెలలు ఆట మానేశాను. నొప్పి మాయం. గ్రౌండుకి వెళ్ళి నాలుగు షాట్లు కొట్టాను. మళ్ళీ హాజరు, ఈసారి సామానుతో సహా. మళ్ళీ రెస్టు, మళ్ళీ గ్రౌండు, మళ్ళీ నొప్పి. రెండో కాలికి నీ తమ్ముణ్ణి కూడా తెచ్చాను, ముందు జాగ్రత్తగా. స్ప్రే కొట్టుకుంటే ఇల్లంతా పుదీనా పచ్చడి వాసన. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు. తొడలు కూడా కరుగుతాయని ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళలో నువ్వు సాగిపోయావు, నా తొడ సన్నబడింది. ఇద్దరం ఒకరికొకరం వదులైపోయాం.

చివరికి ఫిజియో దగ్గరికి వెళ్ళాను. చిన్నమ్మాయి. "ఏమైందండీ అంకుల్?" అంది. మోకాలి కంటే అక్కడ ఎక్కువ దెబ్బ తగిలింది. చిప్ప కింద వేలితో నొక్కింది, ఒంటికాలి మీద కూర్చోబెట్టి లేపింది, వాపు లేదని, మోకాలు పట్టేయడం, ఉన్నట్టుండి తప్పుకోవడం లాంటివి లేవని అడిగి తెలుసుకుంది (ఉంటే డాక్టరు దగ్గరికి పంపేదాన్ని అంది). తర్వాత గోడ చూపించి, "గోడకుర్చీ వేయండి" అంది.

గోడకుర్చీ! ఎనిమిదో తరగతిలో ఎక్కాలు రాకపోతే లెక్కల మాస్టారు ఉచితంగా వేయించిన గోడకుర్చీ. ఇప్పుడు ఫీజు కట్టి వేస్తున్నాను. 45 సెకన్లు, ఐదు సార్లు. దీని వెనక కూడా శాస్త్రం ఉందట. 2015లో ఆస్ట్రేలియాలో ఎబోనీ రియో అనే ఆవిడ, సరిగ్గా ఇదే నొప్పి ఉన్న ఆరుగురు వాలీబాల్ ఆటగాళ్ళ చేత యంత్రం మీద కాలు కదలకుండా 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు బరువు పట్టించింది. నొప్పి అప్పటికప్పుడే పడిపోయింది, 45 నిమిషాల తర్వాత చూసినా తిరిగి రాలేదు. తర్వాత వేరేవాళ్ళు చేసిన పరిశోధనల్లో ఫలితం అంత గొప్పగా రాలేదనుకో. ఆరుగురు అంటే వాలీబాల్‌లో ఒక జట్టే కదా. నాకు మాత్రం కొంత పనిచేసింది. మా మాస్టారు ఉంటే పాదాలకు దణ్ణం పెట్టేవాణ్ణి, ఇప్పుడు వంగగలను కూడా.

"మరి నీ క్యాప్?" అని అడిగాను, నీ తరఫున.

"పెట్టుకోండి, నష్టం లేదు. కానీ అది బలం ఇవ్వదండీ" అంది.

అక్కడే నీ గుట్టు రట్టయింది. తొడ కండరం లాగే లాగుడంతా చిప్ప మీదుగా కింది ఎముకకు చేర్చేది ఒక టెండన్. గేదెను కట్టే పలుపుతాడు లాంటిది. ఎగిరి దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకు ఎన్నో రెట్లు దాని మీద పడుతుంది. మామూలు తాడు వాడేకొద్దీ అరుగుతుంది. ఈ తాడు ప్రాణమున్నది, నెమ్మదిగా బరువు పెంచుకుంటూ వాడితే గట్టిపడుతుంది, వాడకపోతే బలహీనమవుతుంది. నేను ఆరేళ్ళపాటు దానికి సెలవిచ్చి, సంక్రాంతికి మాత్రం ఓవర్‌టైం చేయించాను. నువ్వు పైన దుప్పటి కప్పావు.

స్వీడన్‌లో హకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ అని ఒక ఎముకల సర్జన్ ఉన్నాడు. ఆయనకి మడమ వెనక టెండన్ నొప్పి. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. సరే, తెగిపోతే చచ్చినట్టు చేస్తాడు కదా అని, తెంచుకోవడానికే రోజూ మడమ కిందికి దించుతూ మోటుగా బరువు వేశాడని చెప్పుకుంటారు. తెగలేదు సరికదా, నొప్పి పోయింది. అదే పద్ధతిని 15 మంది పరుగువాళ్ళ చేత రోజూ రెండు పూటలా 12 వారాలు చేయించి 1998లో అచ్చేయించాడు. 15 మందీ మళ్ళీ పరుగెత్తారు. మన ఆఫీసుల్లో పైవాడు కాదంటే బీపీ వస్తుంది. ఆయనకి వైద్యం వచ్చింది.

నాకిచ్చింది మాత్రం బరువైన, నత్తనడక పద్ధతి. వారానికి మూడు రోజులు. మూడు సెకన్లు కిందికి, మూడు సెకన్లు పైకి. మొదట్లో 15 సార్లు లేవగలిగే బరువు, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచి, చివరికి ఆరుసార్లే లేవగలిగేంత. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటే పరవాలేదు, మర్నాటికి తగ్గిపోవాలి, పెరిగితే బరువు తగ్గించాలి. జిమ్ములేని రోజు పాతిక కేజీల బియ్యం బస్తా కావిలించుకుని గుంజీలు తీశాను. ఆటో అబ్బాయి గుమ్మంలో నిలబడి చూశాడు. ఆరేళ్ళుగా ఆ బస్తాలు మోసినవాడు. ఏమీ అనలేదు, అదే బాధ.

బరువులెత్తితే మోకాళ్ళు అరుగుతాయిరా అన్నాడు మా పెదనాన్న. ఆమదాలవలస నుంచి వెళ్ళిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది, అందులో ప్రతి ఎత్తుకీ బరువు కింద గొంతుక్కూర్చుని లేవాల్సిందే అన్నాను. "ఆవిడ వేరు" అన్నాడు. అదీ నిజమే.

గెంతులు మాత్రం ఆఖరున. ఇక్కడే నాకు తొందర. జిమ్ములో ఒక కుర్రాడు మొదటి రోజే నడుమెత్తు పెట్టె మీదికి గెంతి, స్నేహితుడి చేత వీడియో తీయించుకుంటాడు, రెండో రోజు పిక్క గీరుకుపోయి వస్తాడు. మూడో రోజు కాలికి నువ్వు. ఈ గెంతుళ్ళ విద్యను సోవియట్ యూనియన్‌లో యూరి వెర్ఖోషాన్‌స్కీ 'షాక్ పద్ధతి' అన్నాడు. ఎత్తు మీంచి దిగడం, దిగిన క్షణమే పైకి లేవడం. ప్లయోమెట్రిక్స్ అన్న పేరు 1975లో ఫ్రెడ్ విల్ట్ అనే అమెరికన్ పెట్టాడు. కాలు నేలను తాకి లేచేది పావు సెకను లోపు జరగాలి, అప్పుడే సాగిన టెండన్ రబ్బరులా తిరిగి తోస్తుంది. ముందు కండ లేనివాడికి ఇది వైద్యం కాదు, షాకే.

పన్నెండు వారాలయ్యాక ఫిజియో నాకిచ్చిన ప్లయోమెట్రిక్స్ ఏమిటో తెలుసా? వాకిట్లో సుద్దముక్కతో గళ్ళు గీసుకుని ఒంటికాలితో గెంతడం. తొక్కుడుబిళ్ళ. "చప్పుడు కాకుండా దిగండంకుల్, కింది వాటాలో వాళ్ళు పడుకున్నారనుకోండి" అంది. గెంతిన రోజుకీ గెంతిన రోజుకీ మధ్య రెండు రోజులు ఎడం. మా అమ్మాయి అవుట్ అన్నప్పుడల్లా మొదటి గడి నుంచి మళ్ళీ. ఎదురింటి మామ్మగారు మా ఆవిణ్ణి పిలిచి ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగారట.

నొప్పి పూర్తిగా పోయిందని అనను. గట్టిగా ఆడిన మర్నాడు మెట్లు దిగుతుంటే పలకరిస్తుంది. కానీ నిన్న సాయంత్రం నువ్వు లేకుండా రెండు గేములు ఆడాను.

ఆట అయ్యాక, మా జట్టులో షాట్లకు బంతి లేపి ఇచ్చే లిఫ్టర్ బావ కుంటుకుంటూ వచ్చాడు. చిప్ప కిందే, రూపాయి బిళ్ళంత చోట. గోడకుర్చీ సంగతి చెప్పాను, స్వీడన్ సర్జన్ కథ చెప్పాను, ఫిజియో నంబరిచ్చాను. అంతా విని, "అవన్నీ తర్వాత చూద్దాం గానీ బావా, నీ దగ్గర నీ క్యాప్ ఉండాలిగా?" అన్నాడు.

రేపు పొద్దున్న వస్తాడు. ఉతికి ఆరేశాను, సిద్ధంగా ఉండు. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళు.

ఇట్లు,
ఇకపై నీది కాని మోకాలు