పరామర్శకు వచ్చిన పసరు

ఇంట్లో ఒకరికి క్యాన్సరని తెలిస్తే వెనకటికి చుట్టాలు బత్తాయిలు, హార్లిక్స్ సీసా తెచ్చేవారు. ఇప్పుడు ఆకులు తెస్తున్నారు. బాబాయిగారు లక్ష్మణఫలం ఆకుల కట్టతో దిగుతారు. కీమో కన్నా పదివేల రెట్లు పవరట! అది ల్యాబులో గిన్నెలో పెంచిన కణాల మీద వచ్చిన లెక్క. గిన్నెలో అయితే బ్లీచింగ్ పౌడరు కూడా క్యాన్సర్ కణాలను చంపుతుంది. దాన్ని మజ్జిగలో కలుపుకోమని వాట్సాప్ ఇంకా చెప్పలేదు, అంతే.

వెనకాలే పిన్నిగారి గోధుమగడ్డి, ఎదురింటాయన తిప్పతీగ. మిక్సీ ఆగదు. నిన్ననే కీమో ఎక్కించుకుని వచ్చిన మనిషి ముందు లోటాడు పసరు పెట్టి, చుట్టూ కూర్చుని చూస్తారు. వాంతి అయితే విషం బయటికి పోతోందంటారు. కాకపోతే ఒంటికి పట్టిందంటారు. విరేచనాలైతే బాబాయిగారు లేచి నిలబడతారు, అంత ఆనందం.

‘కీమో మానమనలేదుగా, పక్కన వాడమన్నాం. ఆకేగా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు!’

అలాగా? పెరట్లో బిళ్ళగన్నేరు ఉందే, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వచ్చింది దాన్నుంచే. 1963లో అమెరికా అనుమతించింది. లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లలకు నేటికీ ఇస్తున్నారు. పెద్దవాళ్ళకైనా ఒక డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. రక్తనాళంలోకి ఎక్కించాల్సింది పొరపాటున వెన్నులోకి పోతే మనిషి దక్కడం కష్టం. మొక్కలో మందు ఉంది కాబట్టే దాన్ని తూచి ఇస్తున్నారు, గుప్పెళ్ళతో రుబ్బి కాదు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్నవాళ్ళ కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. కాలేయం పరీక్షలు తేడా వస్తే కీమో వాయిదా పడుతుంది. గడ్డ మాత్రం వాయిదా వేసుకోదు.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. యూట్యూబులో అదొక వృత్తి.

ఇదంతా సహించవచ్చు. వెళ్తూ వెళ్తూ చెవిలో ఒక మాట ఊదుతారు చూడండి: ‘డాక్టరుకు చెప్పకు, తిడతాడు.’ ఎవరయ్యా నువ్వు? ఆమె ప్లేట్‌లెట్లు ఎన్నో తెలుసా నీకు? లోపలికి ఏం పోతోందో తెలియకుండా ఆ డాక్టరు ఏ మందు ఎంత ఇవ్వాలి? రేపు ఐసీయూ బయట కూర్చునేది ఆమె కూతురు, నువ్వు కాదు.

నువ్వు పన్నెండోరోజు భోజనానికి వస్తావు. ‘పాపం, రసం మధ్యలో మానేసింది, అందుకే’ అంటావు. వడ్డించేవాళ్ళెవరో గానీ, ఆయన విస్తట్లో ముందు ఆ పసరు పోయండి.