బొంత ఉబ్బాలంటే బరువైన షీట్ కొంటే సరిపోదు

చిన్న బొంత కుట్టాలి, కాస్త ఉబ్బుగా రావాలి అని మన కర్నూలులో ఎవరిని అడిగినా ఒకటే సలహా, లోపల మందం ఫైబర్ షీట్ (పాలిస్టర్ పోగులతో చేసిన మెత్తటి పొర) వెయ్యి, చాలకపోతే ఇంకోటి వెయ్యి అని. షాపులోనూ అంతే, జీఎస్‌ఎం ఎక్కువుంటే ఎక్కువ ఉబ్బుతుందమ్మా అని చెప్పి అమ్మేస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జీఎస్‌ఎం చెప్పేది చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. అది బరువు లెక్క. సూదులతో గట్టిగా అదిమి చేసిన 200 జీఎస్‌ఎం షీట్ అట్టలా పల్చగా ఉండొచ్చు, వదులుగా ఉన్న 150 షీట్ దానికంటే ఎత్తుగా లేవొచ్చు. అందుకే నంబరు పక్కనపెట్టి, షీట్‌ను గుప్పిట్లో గట్టిగా నొక్కి వదలండి. తిరిగి లేస్తే కొనండి, అణిగి అలాగే ఉండిపోతే ఎంత చవకైనా వద్దు.

ఎత్తు వచ్చేది పోగుల మధ్య నిలిచే గాలి వల్ల. దూదేకులవాళ్లు పాత పరుపు దూదిని మళ్లీ ఏకితే గడ్డలు విడిపోయి, అదే దూది ఎంత పొంగుతుందో చూసినవాళ్లకు తెలుసు. కాకపోతే ఏకిన దూదిని దగ్గర దగ్గరగా కుట్టకపోతే ఉతికినప్పుడు ఒకచోట చేరి గడ్డ కడుతుంది, దగ్గరగా కుడితే ఉబ్బు పోతుంది. బూరుగు దూది ఇంకా జారుడు, దిండుకు బాగుంటుంది కానీ బొంతకు పనికిరాదు. వెచ్చగా ఉంటుందని లోపల గొంగడి పెట్టేవాళ్లూ ఉన్నారు, దాంతో బరువే తప్ప ఎత్తు రాదు.

నేను గట్టిగా నమ్మేది రెండు రకాల పొరలు: అడుగున నూలు, పైన ఫైబర్. నూలు పొర బొంతకు నిలకడ ఇస్తుంది, ఒంటికి తగిలే వైపు చెమట పీలుస్తుంది. మన ఎండలకు రెండు వైపులా ఫైబరే పెడితే ఎవరు కప్పుకుంటారు చెప్పండి? పైనున్న ఫైబర్ కుట్టుకీ కుట్టుకీ మధ్య పొంగి డిజైన్‌ను పైకి లేపుతుంది. పక్కన ఆదోని మార్కెట్‌కు అంత పత్తి వస్తుందా, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయా, అయినా నేను అడిగిన షాపుల్లో బొంత లోపల వేసే నూలు షీట్ మీటరు లెక్కన ఇచ్చినవాళ్లు లేరు, ఇది నాకు నిజంగా బాధ. దానికి బదులు బాగా ఉతికి వాడిన పాత నూలు దుప్పటి వేయండి. కొత్త నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, ఫైబర్ కుంచించుకుపోదు, అప్పుడు బొంత ముడతలు పడుతుంది. పాత దుప్పటితో ఆ టెన్షన్ లేదు.

ఇంత చేసి అంగుళానికో వరుస కుట్టేస్తే మొత్తం వృథా. ఎత్తు కావాలంటే వరుసల మధ్య మూడు నాలుగు అంగుళాలు వదలండి, షీట్ ప్యాకెట్ మీద ఎంత దూరం వరకు కుట్టొచ్చో రాసి ఉంటే అది దాటకండి. పొరలు జారకుండా ముందు మధ్య నుంచి అంచులకు కచ్చా కుట్లు వేసుకోండి. మిషన్ మీదైతే సూది దగ్గర బట్టను నొక్కిపట్టే పాదం ఒత్తిడి తగ్గించి, కుట్టు కాస్త పొడుగు పెట్టండి. అంచు పట్టీ వేసే చోట ఫైబర్‌ను కొంచెం కత్తిరించి తీసేస్తే మూలలు ఉండకట్టవు. పైబట్ట ముదురు రంగుదైతే నేత దగ్గరగా ఉన్నదే తీసుకోండి, పల్చటి బట్టలోంచి తెల్ల పోగులు బయటికొస్తాయి.

చంటిపిల్లలకని కుట్టేవాళ్లు చాలామంది కాబట్టి చెప్తున్నా, ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు ఇలాంటి ఉబ్బు బొంత కప్పొద్దు, కింద పరచొద్దు, ముఖానికి అడ్డుపడితే ఊపిరాడదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, మీరు పక్కనే ఉండి ఆడించండి.

ఉతికాక తీగ మీద వేలాడదీయకుండా మంచం మీద పరిచి ఆరబెట్టండి. ఇస్త్రీ మాత్రం వద్దు, వేడి పెట్టెతో ఒకసారి అణిగిన ఫైబర్ మళ్లీ లేవదు.