ఒక గరిటె కోసం

చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని వేపపుల్ల చెక్కుతుంటే మా నాన్న "చదువూ సంధ్యా లేదా?" అని కేకలేసేవారు. ఉద్యోగ విరమణ తరువాత అదే అరుగు మీద అదే పని చేస్తుంటే, రక్తపోటుకు మంచిదని డాక్టరు మెచ్చుకున్నారు. పని మారలేదు, పరికరం ధర మారింది. అందుకే దీన్ని నేను కాలక్షేపం అనను, సాధన అంటాను.

సాధనకు ముందు ఆయుధం కావాలి. ఫ్రాన్సులోని సవోయ్ కొండసీమలో జోసెఫ్ ఓపినెల్ అనే ఆయన 1890లో ఒక మడత చాకు రూపొందించారు. బీచ్ చెక్క పిడి, ఉక్కు అలుగు, అంతే. పల్లె రైతులు జేబులో వేసుకు తిరిగిన వస్తువు. తెరిచిన అలుగు మడుచుకోకుండా ఆపే ఉంగరం 1955లో చేరింది. ఆ ఉంగరాన్ని తిప్పడం మరవడం మాత్రం పూర్తిగా నా సొంత ప్రతిభ. నా దగ్గరున్నది ఎనిమిదో నంబరు, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల అలుగు. నెల్లూరు మూలాపేటలో దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, దేవుడి గూటి పక్కన పెట్టాను.

మొన్న మా ఆవిడ దాంతో గూడూరు నిమ్మకాయ కోసింది. నా చాకుది కర్బనం ఎక్కువున్న ఉక్కు, పులుపు తగిలితే నల్లబడుతుంది. నల్లబడింది. కర్బనం గురించి, ఆమ్లాల గురించి అరగంట ఉపన్యసించాను. ఆవిడ అంతా విని, "మన కత్తిపీట ముప్పై ఏళ్లుగా నల్లగానే ఉంది. దాన్ని మీరు ఒక్కనాడూ పలకరించలేదే" అంది. కళకు ఇంట్లో ఆదరణ ఉండదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక కర్ర. మొదలుపెట్టేవాళ్లకు మెత్తని కర్ర కావాలి. అమెరికాలో బాస్‌వుడ్ వాడతారు, కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి. నాకు మైపాడు దారిలో ఎటు చూసినా సరుగుడే కనిపించింది. సరుగుడు పందిరి గుంజ కావడానికి పుట్టిన చెట్టు. గరిటెగా మారమంటే ఒప్పుకోదు. రెండు గంటలు చెక్కాక బెరడు కొద్దిగా నొచ్చుకున్నట్టు కనిపించింది, నా బొటనవేలు బాగా నొచ్చుకుంది. కర్ర నార వాలుకు ఎదురు చెక్కకూడదు, మన ఒంటి వైపుకు చెక్కకూడదు. ఈ రెండు సూత్రాలూ నాకు కంఠతా వచ్చు. వేళ్లకే ఇంకా రాలేదు.

పైగా గరిటెకు గుంట తీయాలంటే తిన్నని అలుగు పనికిరాదని, వంపు తిరిగిన మరో కత్తి కావాలని కాడ పూర్తయ్యాక తెలిసింది. గరిటె చేయబోతే అట్లకాడ అయింది.

ఆ అట్లకాడను సంచిలో వేసుకుని తోటి కళాకారులను కలుద్దామని ఉదయగిరి వెళ్లాను. అక్కడ ఎక్కువగా ఆడవాళ్లే చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకావిడ ఆకురాయితో చెంచా కాడను నున్న చేస్తూ కూర్చుంది. గుంట ఉన్న చెంచా! నేను పట్టుగుడ్డ విప్పి నా చాకు చూపించాను. ఆవిడ రెండు వైపులా తిప్పి చూసి, "బాగుంది సార్. మామిడికాయ కోసుకోవడానికా?" అంది. అట్లకాడను సంచిలోంచి తీయలేదు.

చెంచా ధర చెప్పింది. నా చాకు ధరలో అది ఎన్నో వంతో లెక్క వేయడం సంస్కారం కాదు. చేతివృత్తులకు గిట్టుబాటు ధర ఉండాలని రెండు సభల్లో మాట్లాడినవాణ్ణి గనుక, పది రూపాయలు మాత్రమే తగ్గించమన్నాను. తగ్గించింది.

బస్సు కిటికీలోంచి ఉదయగిరి కోట కనిపించింది. దాన్ని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు 1514 వరకు, దాదాపు ఏడాదిన్నర ముట్టడి వేశారు. నా గరిటె మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. ఒకటి కొనుక్కుంటే పోయేదిగా అని రాయలవారిని తిరుమలదేవి అడిగి ఉంటుందని నేను అనుకోను.

మా ఆవిడ అడిగింది.