పలుపుకు రెండు కొసలు: మనిషికీ పశువుకూ ఉన్న సంబంధం మన యూనివర్సిటీలో ఎందుకు పాఠం కాలేదు?

మా పెద్దమ్మ వాళ్లది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. ఒకసారి ఆమెకు ఆపరేషన్ అయి గుంటూరు ఆసుపత్రిలో పది రోజులు ఉండాల్సి వచ్చింది. రెండో పూటకే ఇంట్లో టెన్షన్ మొదలైంది. గేదె చేపడం లేదు, పొదుగులోకి పాలు దించడం లేదు. పెదనాన్న కూర్చుంటే కాలు విదిలిస్తుంది. దూడను వదిలితే కాస్త చేపి, దూడను లాగి కట్టేయగానే పాలు ఎగబట్టేస్తుంది. మూడో రోజు తెల్లవారుజామున పెదనాన్న దండెం మీదున్న పెద్దమ్మ పాత నేతచీర తీసి ఒంటికి చుట్టుకుని, తల మీదుగా కొంగు కప్పుకుని పొదుగు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గేదె మెడ తిప్పి చీర వాసన చూసింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తపేలా అడుగున తొలి ధార పడిన చప్పుడు వినిపించింది. తలుపు చాటున ఉన్న పిల్లలం నవ్వు ఆపుకోలేకపోయాం.

మన పల్లెల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. పాడి ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు. దీని వెనకున్న శాస్త్రం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పశువు చేపాలంటే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి విడుదల కావాలి. బెదిరినా, కొత్త చెయ్యి తగిలినా అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. కుక్క, దాన్ని పెంచిన మనిషి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నప్పుడు ఇద్దరిలోనూ ఇదే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. మా పెద్దమ్మ చీర చేసిన పని కూడా ఆ కోవలోదే.

మరి ఈ చీర సంగతి ఎవరి సబ్జెక్టు? గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థి హార్మోన్ గురించి చదువుతాడు. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఒంగోలు జాతి పశువుల మీద పరిశోధన జరుగుతుంది. నాగార్జున యూనివర్సిటీలో జువాలజీ వాళ్లు జంతువు శరీరాన్ని చదువుతారు, సోషియాలజీ వాళ్లు పల్లెల్లో ఆడవాళ్ల పని గురించి చదువుతారు. అందరూ పలుపుకు ఏదో ఒక కొస పట్టుకున్నవాళ్లే. ఆ పలుపునే చదివేవాళ్లు మాత్రం కనబడరు.

ప్రపంచంలో దీనికొక పేరుంది, ఆంత్రోజువాలజీ. మనుషులకూ జంతువులకూ మధ్య నడిచే వ్యవహారమంతా దాని పరిధే: ప్రేమ, పని, తిండి, భక్తి, భయం, హింస. 1987 నుంచి దీనికి ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రిక వస్తోంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ఇందులో మాస్టర్స్ చేయవచ్చు. మన దగ్గర హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌లో జంతు రక్షణ చట్టాల మీద పీజీ డిప్లొమా పెట్టారు. అది మంచి అడుగే కానీ, చట్టం ఈ సంబంధంలో ఒక ముక్క మాత్రమే. మిగతాదంతా మన చుట్టూనే ఉంది, చదివేవాళ్లు లేకుండా పడి ఉంది.

ధనుర్మాసంలో మన వీధుల్లోకి వచ్చే గంగిరెద్దునే చూడండి. 'అమ్మగారికి దండం పెట్టు' అంటే తల ఊపుతుంది. 'మళ్లీ ఏడాది రమ్మంటారా' అని అడిగినా ఊపుతుంది. సన్నాయి వాయించే మనిషి ఏ సైగ చేశాడో మనకు కనబడదు. నూరేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు మోగిపోయింది. ఎన్ని అని అడిగితే అన్నిసార్లు డెక్కతో నేల తట్టేది. ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు ఓపికగా పరీక్షలు పెట్టి 1907లో అసలు విషయం బయటపెట్టాడు. సరైన అంకె రాగానే అడిగిన మనిషి తల తనకే తెలియకుండా వెంట్రుకవాసి కదిలేది, గుర్రం అది చూసి ఆగేది. అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు. ఈ ఉదంతాన్ని సైకాలజీ క్లాసుల్లో ఇప్పటికీ చెబుతారు. పశువు మనిషి ఒంటిని చదువుతుందన్న సంగతి గంగిరెద్దులవాళ్లకు తరతరాలుగా తెలుసు, దాని మీదే వాళ్ల బతుకు నడిచింది. కోడెదూడను ఏ వయసులో పడతారు, మొదటి సైగ ఏది నేర్పుతారు, ఎద్దు అలిగితే ఏం చేస్తారు? ఇవన్నీ కూర్చుని అడిగి రాసుకోవాల్సిన విషయాలు. గంగిరెద్దులవాళ్ల పిల్లలు ఇప్పుడు వేరే పనుల్లోకి పోతున్నారు. అడగాల్సింది ఇప్పుడే.

గాడిదల విషయంలో ఇప్పటికే ఆలస్యమైంది. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో వాటి సంఖ్య 61 శాతం పడిపోయింది. చాకిరేవుకు మూటలు మోసిన జంతువుతో ఆ కుటుంబాలకున్న అనుబంధం ఎలాంటిదో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు.

ఇది జంతుప్రేమికుల కోర్సు కదా అని కొందరు తేలిగ్గా తీసేయవచ్చు. కాదు. పందెం కోడికి బాదంపప్పు పెట్టి, రోజూ ఈత కొట్టించి, బిడ్డలా చూసుకునే చెయ్యే సంక్రాంతి రోజున దాని కాలికి కత్తి కడుతుంది. కోడిపందెంతో మొదలై యుద్ధం దాకా పోయిన కథను పల్నాడు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ప్రేమా క్రూరత్వమూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయో తెలుసుకోకుండా ఎన్ని నిషేధాలు పెట్టినా బరులు లేస్తూనే ఉన్నాయి. నేను ఆ పందేలకు వ్యతిరేకిని. అయినా నాకు ముందు కావాల్సింది ఆ మనిషి అర్థం కావడం.

వీధికుక్కల గొడవ కూడా ఇంతే. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలోని కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న దాన్ని సవరించి, ఆపరేషన్ చేసి టీకా వేసి, రేబిస్ ఉన్నవి, మీద పడేవి తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల నుంచి తొలగించమంది. అన్నం పెట్టేవాళ్లు ఒకవైపు, కరిపించుకున్న పిల్లల తల్లిదండ్రులు మరోవైపు. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు 99 శాతం కుక్కల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, ఆ తల్లిదండ్రుల భయాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ విజయవాడలో ఏ సందులో ఎన్ని కుక్కలున్నాయి, ఏ చికెన్ షాపు వ్యర్థాల మీద బతుకుతున్నాయి, ఎవరిని చూసి మొరుగుతాయి, ఎవరి వెంట తోక ఊపుకుంటూ పోతాయి అన్నది వీధి వీధీ తిరిగి చూడాలి. కోల్‌కతాలోని సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్‌లో అనిందితా భద్ర బృందం ఏళ్ల తరబడి చేస్తున్నది ఇలాంటి పనే. ముక్కూమొహం తెలియని మనిషి పదేపదే వచ్చినప్పుడు వీధికుక్క తిండి కంటే నిమిరే చేతినే ఎక్కువ నమ్ముతుందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. బెజవాడ కుక్కల గురించి అలాంటి పని మనమే చేసుకోవాలి.

ఈ చదువు చదివితే ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగడం న్యాయమే. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మాకు తెలిసిన ఒక పెద్దాయన మేడ మీద నుంచి పడవ ఎక్కనన్నాడు. పక్కన కుక్క, రెండు మేకలు. పడవవాళ్లు మనుషుల్నే ఎక్కించుకుంటామన్నారు. వాళ్ల తప్పేం లేదు, ఇంకా ఎంతోమంది ఎదురుచూస్తున్నారు. రెండు రాత్రులు ఆయన అక్కడే ఉన్నాడు. అమెరికాలో 2005లో కత్రినా తుపానప్పుడు పెంపుడు జంతువుల్ని వదలలేక ఎంతోమంది ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ మరుసటి ఏడాదే విపత్తు ప్రణాళికల్లో వాటిని కూడా చేర్చాలని అక్కడ చట్టం చేశారు. కృష్ణ పక్కన బతికే మనకు ఆ లెక్క తెలిసిన మనుషులు కలెక్టరేట్లలో, కార్పొరేషన్లలో, డెయిరీల్లో కావాలి. పట్టా ఒక్కటి ఉంటే చాలదు, పోస్టులూ సృష్టించాలి. ఈ మాట యూనివర్సిటీతో పాటు ప్రభుత్వానికీ చెబుతున్నాను.

మొదలుపెట్టడానికి పెద్ద బిల్డింగ్ అక్కర్లేదు. నాగార్జున యూనివర్సిటీ, గన్నవరం కళాశాల కలిసి ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టవచ్చు. సగం క్లాసులు బయటే జరగాలి. తెల్లవారుజామున పాలకేంద్రం దగ్గర, ఎడ్ల పందేల్లో బండ లాగే గిత్తల పక్కన, గూడబాతుల (పెలికాన్ల) కోసం ఊరే చెరువు వదిలిపెట్టిన, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు గట్టు మీద. పాఠం చెప్పడానికి డిగ్రీ లేని మనుషుల్ని పిలవాలి, ప్రొఫెసర్లకు ఇచ్చే గౌరవ వేతనమే వాళ్లకూ ఇవ్వాలి. నన్నడిగితే మొదటి పిలుపు మా పెద్దమ్మలాంటి వాళ్లకే.

ఆమె మోకాళ్లు అరిగిపోయి చివరికి ఆ గేదెను అమ్మేసింది. మా ఇళ్లలో పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నాయన తన పలుపు తెచ్చి కట్టుకున్నాడు. పెద్దమ్మ చావిడి గుంజ పట్టుకుని నిలబడి, 'ముందు తవుడు పెట్టండి, ఎడమ పక్క నుంచి కూర్చోండి, మెడ కింద నిమరండి' అని ఒక్కొక్కటే చెప్పింది. వాళ్లు గేటు దాటుతుండగా లోపలికి వెళ్లి, ఆ నేతచీర మడత పెట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.