నూరు పౌండ్లకో తాతగారు

మా తాతగారికి చేతి గడియారం లేదు. పొలం గట్టున తుమ్మచెట్టు నీడ ఎంతదూరం పాకిందో చూసి టైము చెప్పేవారు. తప్పు చెప్పినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ ఊళ్ళో ఎవరికీ అందుకోవాల్సిన బస్సు ఉండేది కాదు మరి. అందువల్ల తాత చేతి నుంచి తండ్రికి, తండ్రి చేతి నుంచి కొడుక్కి దిగివచ్చిన వాచీ అంటూ మా వంశంలో ఏదీ లేదు. తుమ్మచెట్టు ఉండేది గానీ, దాన్ని చేతికి కట్టుకోలేం.

ఈ లోటు ఎంత పెద్దదో ఇంగ్లండుకి ఉద్యోగానికి వచ్చాకగానీ తెలియలేదు. ఒక మీటింగులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి చొక్కా చేయి కాస్త వెనక్కి లాగి, "మా తాతగారిది" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత అరగంటసేపు నేను చెప్పిన లెక్కలన్నీ సరైనవే. అయినా తాతలేనివాడి లెక్కల్లాగే వినిపించాయి.

నాలాంటి నిర్భాగ్యుల కోసం బ్రిటన్ ఒక ఏర్పాటు చేసిపెట్టింది. బజారులో నగల షాపుకి వెళ్తే 50 నుంచి 150 పౌండ్ల మధ్యలో ఒక తాతగారు దొరుకుతారు. పాతకాలం మోస్తరు మగవాళ్ళ వాచీ అని దాని పేరు. అట్టపెట్టె మీద 'హెరిటేజ్' అన్న మాట, దానికింద ఒక సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. లోపల వాచీతో పాటు వారంటీ కాగితం కూడా ఇస్తారు. అసలు తాతలకి ఈ సదుపాయం లేదు.

ఆ వాచీ రూపం కాస్త వర్ణించాలి. డయలు మీగడ రంగులో ఉంటుంది. చుట్టూ నిమిషాల గీతలు రైలు పట్టాల్లా రెండు వరసలు. ఆరు అంకె ఉండాల్సిన చోట సెకన్లకి విడిగా ఓ బుల్లి డయలు. అద్దం బోర్లించిన గిన్నెలా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. మొన్నమొన్నటి దాకా మగవాడి వాచీ అంటే 45 మిల్లీమీటర్లు ఉండి, అప్పడంలా మణికట్టంతా కప్పేసేది. ఇప్పుడు మర్యాద పెరిగి 38కీ, 36కీ దిగింది.

అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసింది ముళ్ళ మీది పూత. పూర్వం చీకట్లో కనబడటానికి ముళ్ళకి రేడియం పూసేవారు (మన ఊళ్ళలో మెరిసే స్టిక్కర్లన్నిటినీ ఇప్పటికీ రేడియం అనే అంటాం), తర్వాత ట్రిటియం పూశారు. ఆ పూత పది, ఇరవై, ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి తెలుపు చచ్చి, పేరుకున్న నెయ్యి రంగుకి తిరుగుతుంది. పాత వాచీలు సేకరించేవాళ్ళు ఆ రంగుకోసం ప్రాణమిస్తారు. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే కొత్త ముళ్ళకి సరాసరి ఆ రంగే వేసి పంపుతున్నారు. నిన్న పుట్టిన బిడ్డకి తల నెరిపించి, కళ్ళజోడు తగిలించి, "మా ఇంటి పెద్దాయన" అని పరిచయం చేయడమన్నమాట. దీన్ని మోసం అనేవాళ్ళు కళాహృదయం లేనివాళ్ళు.

తాతగారిని ఇంటికి తెచ్చుకునే ముందు గోత్రం విచారించడం మన ఆచారం కదా. విచారించాను. నదుల పుట్టుకా శూరుల పుట్టుకా అడగకూడదని పెద్దలంటారు. ఆ జాబితాలో బ్రిటిష్ వాచీలని చేర్చడం వాళ్ళు ఎందుకు మరిచారో తెలియదు.

ఉదాహరణకి రోటరీ. బ్రిటిష్ ఇళ్ళలో తరాలుగా ఉన్న పేరు. పుట్టింది 1895లో స్విట్జర్లాండులోని లా షో-ద-ఫోన్‌లో. 2014లో చైనావారి చేతికి వెళ్ళింది. బ్రిటిష్ వారసత్వం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది.

సెకోండా కథ ఇంకా ఉదాత్తమైనది. 1966లో మొదలైన ఈ బ్రిటిష్ బ్రాండు వాచీలు అప్పట్లో సోవియట్ యూనియన్‌లో తయారయ్యేవి. ప్రచ్ఛన్న యుద్ధం జోరుగా సాగుతోంది. ఇటువాళ్ళు అటు గురిపెట్టారు, అటువాళ్ళు ఇటు గురిపెట్టారు. ఈలోపల బ్రిటన్‌లో గుమాస్తా శత్రుదేశపు వాచీ చూసుకుని ఆఫీసుకి టైముకి చేరుతున్నాడు. సెకోండా పేరుతో వచ్చిన వాటిలో కొన్ని మాస్కో ఒకటో గడియారాల ఫ్యాక్టరీలోవి. గగారిన్ అంతరిక్షానికి కట్టుకెళ్ళిన వాచీ కూడా అక్కడిదే. ఆ ఫ్యాక్టరీకి యంత్రాలు ఎక్కడివి అంటారేమో. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలో దివాలా తీసిన ఒక గడియారాల కంపెనీ సామగ్రిని సోవియట్ ప్రభుత్వం కొని, ఓడల మీద తెప్పించి, 1930లో మాస్కోలో బిగించింది. అమెరికా యంత్రం మీద రష్యా కార్మికుడు చేసిన బ్రిటిష్ వాచీ! ఐక్యరాజ్యసమితి ఇన్నేళ్ళలో సాధించలేనిదాన్ని ఒక సామాన్యుడి మణికట్టు సాధించింది.

ఆ రోజుల్లో సెకోండా వేసిన ప్రకటన ఒకటి ఉంది. ఖరీదైన నకళ్ళున్నాయి, జాగ్రత్తపడండి అని దాని తాత్పర్యం. చవక వస్తువు అమ్మేవాడు అంత తలెత్తుకుని మాట్లాడటం నేను ఇంకెక్కడా చూడలేదు. సోవియట్ యూనియన్ చెదిరిపోయాక తయారీ తూర్పు ఆసియా వైపు జరిగింది. వారసత్వం మాత్రం కదలకుండా బ్రిటన్‌లోనే కూర్చుంది. దానికి అలవాటే. టీ ఆకు అస్సాం నుంచి వచ్చినా పొట్లం మీద ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ అనే ఉంటుంది.

ఈ బ్రిటిష్‌వాళ్ళకి గడియారం చేయడం రాదనుకుంటే పాపం తగులుతుంది. కీ ఇచ్చే వాచీల్లో దాదాపు అన్నిటిలోనూ ఇవాళ్టికీ టిక్కుటిక్కుమనే లీవర్ ఏర్పాటుని 1750ల్లో కనిపెట్టింది లండన్ పనివాడు థామస్ మడ్జ్. సముద్రం మధ్యలో ఓడ ఎక్కడుందో చెప్పగల గడియారం చేసింది జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు. చేతిపని అంత గొప్పది కాబట్టే యంత్రాలని లోపలికి రానివ్వలేదు. అమెరికావాళ్ళూ స్విస్‌వాళ్ళూ ఒకే అచ్చులో వేలకొద్దీ విడిభాగాలు పోసుకుంటూ ఉంటే, లండన్‌లో గడియారాల పేట అయిన క్లర్కెన్‌వెల్‌లో పనివాడు ఒక్కో పళ్ళచక్రాన్నీ ఆకురాయితో సవరిస్తూ కూర్చున్నాడు. ఆయన తలెత్తి చూసేసరికి బజారు వెళ్ళిపోయింది. స్మిత్స్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా పట్టుదలగా నిలబడింది. 1953లో ఎవరెస్టు ఎక్కినప్పుడు హిల్లరీ దగ్గరున్నది స్మిత్స్ వాచీయే. ఎక్కిన ఖ్యాతిలో రోలెక్స్ కూడా వాటా అడిగింది. ఇవాళ రోలెక్స్ ఎలా ఉందో మీకు తెలుసు, హిల్లరీ స్మిత్స్ వాచీ లండన్ సైన్స్ మ్యూజియంలో గడియారాల విభాగంలో ఉంది. శిఖరం ఎక్కినవాడికి అద్దాలబీరువా, ప్రకటన వేసుకున్నవాడికి వ్యాపారం.

అయితే బ్రిటన్ అంతకన్నా తెలివైన సంగతి ఒకటి ఎప్పుడో కనిపెట్టింది. గడియారం చేయడం కష్టం, టైము అమ్మడం సులువు.

ఇది అతిశయోక్తి కాదు. నక్షత్రాలు చూసి కచ్చితమైన టైము లెక్కకట్టే గ్రీనిచ్ అబ్జర్వేటరీలో పనిచేసిన జాన్ బెల్విల్ 1836 నుంచి ఒక జేబు గడియారాన్ని అక్కడి సమయంతో సరిచేసుకుని, లండన్‌లో చందాదారుల దగ్గరికి తిరిగి టైము చూపించి డబ్బులు తీసుకునేవాడు. ఆయన పోయాక భార్య ఆ పని చేసింది. 1892 నుంచి కూతురు రూత్ అందుకుని, రెండో ప్రపంచయుద్ధం వచ్చాక 1940 దాకా తిరిగింది. ఆ గడియారం జాన్ ఆర్నాల్డ్ చేసినది. అందుకని ఆవిడ దాన్ని 'ఆర్నాల్డ్' అనే పిలిచేది. పొద్దున్నే గ్రీనిచ్ కొండెక్కి ఆర్నాల్డ్‌ని సరిచేయించుకుని, షాపు షాపుకీ వెళ్ళి చూపించేది. వాళ్ళు చూసుకుని చందా కట్టేవారు. మజ్జిగ అమ్మే అవ్వకి కుండైనా ఖాళీ అవుతుంది. ఈవిడ సరుకు ఎంత అమ్మినా తరగలేదు. మేనేజ్‌మెంట్ కాలేజీలు ఈ కుటుంబం ఫొటోకి దండేసి రోజూ దీపం పెట్టాలని నా అభిప్రాయం.

1936లో ఆ వ్యాపారంలోకి టెలిఫోన్ దిగింది. నంబరు తిప్పితే గొంతు టైము చెప్పేది. 1986లో దానికి స్పాన్సర్ కూడా దొరికాడు. అక్యురిస్ట్, 1946లో అదే క్లర్కెన్‌వెల్‌లో పుట్టిన కంపెనీ. అప్పటి నుంచి 2008 దాకా బ్రిటన్‌లో ఫోను చేసి టైమెంత అంటే, ముందు అక్యురిస్ట్ పేరు చెప్పి తర్వాత టైము చెప్పేవారు. ప్రకటన విన్నంతసేపు కొన్ని సెకన్లు గడిచిపోతాయి కదా అని అడగకండి. మూడో బీప్ దగ్గర సరిపోయేలా లెక్క ముందే వేసేవారు.

ఇంత చదువుకున్నాక నేనూ ఒకటి కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను. మొదటివారం అంతా చొక్కా చేయి వెనక్కి లాక్కుంటూ తిరిగాను. వెనక మూత మీద 30 మీటర్ల దాకా నీళ్ళని తట్టుకుంటుందని రాసి ఉంది. షాపులో అమ్మాయిని ఈతకి కట్టుకోవచ్చా అంటే కంగారుపడింది. 30 మీటర్లంటే చేతులు కడుక్కునేటప్పుడు నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదని అర్థమట. 50 అంటే కాసేపు ఈదవచ్చట. ఎన్నికల మేనిఫెస్టో చదివే అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి సులువుగానే అర్థం చేసుకున్నాను.

ఇంకో చిక్కు, సెకన్ల ముల్లు. అసలైన పాత వాచీలో ఆ ముల్లు జారుతున్నట్టు సాఫీగా పోతుంది. ఇది సెల్లుతో నడిచే క్వార్ట్జ్ కాబట్టి సెకనుకోసారి ఆగి గెంతుతుంది. తెలిసినవాళ్ళ ముందు అది మన గుట్టు రట్టు చేస్తుంది. వెయ్యి పౌండ్ల కీ వాచీ రోజుకి కొన్ని సెకన్లు తప్పినా రాజసం అంటారు. నూరు పౌండ్ల నా తాతగారు నెలంతా కలిపి పదిహేను సెకన్లు తప్పినా మధ్యతరగతి అంటారు. టైము మరీ కచ్చితంగా చెప్పడం డబ్బున్నవాళ్ళ లక్షణం కాదేమో.

ఒకరోజు సెల్లు మార్పించడానికి మూత తీయిస్తే లోపల యంత్రం మీద మియోటా అని కనబడింది. మియోటా అంటే జపాన్ సిటిజన్ కంపెనీదే. నాకు ఒళ్ళు జలదరించింది. 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీకి వాచీలు చేయడం నేర్పింది ఆ సిటిజనే కదా. మా నాన్న చేతికి ఉన్నది హెచ్‌ఎంటీ జనతా, పెళ్ళిలో మా అమ్మమ్మ వాళ్ళు పెట్టినది. (ఆ వాచీ సంగతి మొదట్లో ఎందుకు చెప్పలేదంటే, అది వారసత్వం కిందికి రాదు. ఇంకా నడుస్తోంది, పైగా నాన్న దాన్ని ఇంకా విప్పలేదు.) అంటే నేను డబ్బు పెట్టి దత్తత తెచ్చుకున్న ఆంగ్లేయ తాతగారూ మా ఇంటి జనతా వాచీ ఒకే గోత్రంవాళ్ళు. ముందే తెలిస్తే పెళ్ళిభోజనాల ఫొటోలోంచి ఒక ముక్క కత్తిరించి ఆఫీసుకి పట్టుకెళ్ళేవాణ్ణి.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి వాచీ చూపించాను. కాఫీ తాగాక జనతాకి కీ ఇచ్చుకుంటున్నారు ఆయన.

"ఏరా, పాతదెందుకు కొన్నావు? కొత్తది దొరకలేదా?" అన్నారు.

"పాతది కాదు నాన్నా, కొత్తదే."

"మరి ముళ్ళు అలా పసుపెక్కాయేం? షాపువాడు అంటగట్టాడేమో. బిల్లుందా?"

"అలా కనబడేటట్టే చేస్తారు నాన్నా. దానికే డబ్బు."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఉద్యోగం బాగానే ఉందా?" అని అడిగారు. బాగానే ఉందన్నాను. ఆ మాట నమ్మినట్టు లేదు.

మర్నాడు పొద్దున్న చూస్తే హైదరాబాదు బ్యాంకులో ఉన్న నా ఖాతాలో 5,000 రూపాయలు పడ్డాయి. "నాన్న వెయ్యమన్నారు, మంచి వాచీ ఒకటి కొనుక్కో" అని అమ్మ మెసేజి పెట్టింది. ఆ డబ్బుతో, అంచులు అరిగి ముందే గీతలు పడినట్టుండే తోలు బెల్టు ఒకటి తెప్పించాను.